వరుస మార్చడానికి రికార్డును ముట్టుకోనక్కర్లేదు

సంపాదకుల వారికి,

అయ్యా,

పాత ఐబీఎం ప్రోగ్రాములను కొత్త కంప్యూటర్లలోకి తరలించే పనిలో బెంగళూరులో మన తెలుగువారు చాలామందే ఉన్నారు. జాబితా కోరిన వరుసలో రావడం కోసం వారిలో కొందరు ఫైల్‌లోని రికార్డుల్లో ఉన్న అసలు కోడ్ అక్షరాలనే దిద్దేస్తుండటం చూసి ఈ లేఖ రాస్తున్నాను. ఐబీఎం పాత కంప్యూటర్ సిస్టమ్ 36లో రికార్డులను వరుసలో పెట్టే ‘సార్ట్’ ప్రోగ్రాంలో 1980ల నాడే ఇందుకు ‘ఫోర్స్‌డ్ కంట్రోల్ ఫీల్డ్’ అనే ఏర్పాటు ఉంది. రికార్డు చెక్కుచెదరదు, వరుస తేల్చడానికి రికార్డులను పోల్చేందుకు సార్ట్ విడిగా కట్టుకునే ‘కీ’లో మాత్రమే ఒక అక్షరం స్థానంలో మనం చెప్పిన మరో అక్షరం వచ్చి కూర్చుంటుంది.

ఒక పింఛన్ల ఫైల్‌లో డీ, ఆర్, డబ్ల్యూ అనే కోడ్‌లు ఉన్నాయనీ, డబ్ల్యూ ఉన్న కుటుంబ పింఛన్లు ముందు రావాలనీ అనుకుందాం. సార్ట్‌కు ఆదేశాలిచ్చే స్పెసిఫికేషన్‌లో ఫీల్డ్ రకం ఎఫ్ (ఫోర్స్‌డ్) అని వేసి, డబ్ల్యూకు బదులు ‘ఏ’ (A) అక్షరం రాస్తే చాలు. అయితే ఆ ‘ఏ’ అక్షరానికి బదులు 1 అని రాస్తే అవే పింఛన్లు అట్టడుగుకు పోతాయి, ఎందుకంటే ఈ ఐబీఎం కంప్యూటర్లు వాడే ఎబ్సిడిక్ అనే అక్షర సంకేతాల వరుసలో అంకెలు అక్షరాల తర్వాతే వస్తాయి. కొత్త కంప్యూటర్లలో సాధారణంగా ఉండే ఆస్కీ సంకేతాల వరుసలో ఇది తలకిందులు. మిగిలిన డీ, ఆర్‌లకు కూడా ఏం జరగాలో విడిగా వరుసలు రాయడం మంచిది. బద్ధకించి వదిలేసేది సాధారణంగా అక్కడే. ఎబ్సిడిక్ నుంచి ఆస్కీకి మారేటప్పుడు ఈ బదులు అక్షరాలన్నింటినీ ఒక్కొక్కటిగా సరిచూడాలని ప్రాజెక్టు పెద్దలను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, జయనగర్, బెంగళూరు