రాజాం ల్యాబ్ టెక్నీషియన్‌గారికి

ముప్పై ఆరు రోజుల చికిత్స తరువాత ఇవాళ తమ్ముడి ఎముక మజ్జ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కణాలు కనబడలేదట. చికిత్స ఇంకా నెలల తరబడి ఉంది. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

వాడికి ఇరవై రెండేళ్ళు. జ్వరం, చిగుళ్ళ నుంచి రక్తం, తొడల మీద నల్లటి మచ్చలు. పదకొండు రోజులు డెంగీ అంటూ సెలైన్లు ఎక్కించారు. లక్షన్నరకు పైన ఉండవలసిన ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయాయి. యంత్రం ఇచ్చిన అంకెలే చూశారు తప్ప, ఒక చుక్క రక్తం స్లైడు మీద పరచి చూడమని ఎవరూ రాయలేదు. ఆ పరీక్షకు పెద్ద ఖర్చు కూడా లేదు!

రాజాంలోని ఆ చిన్న ల్యాబుకు మేము ప్లేట్‌లెట్ల లెక్క కోసమే వెళ్ళాం. రాత్రి తొమ్మిదింటికి అక్కడి టెక్నీషియన్‌గారు ఫోను చేశారు. "మనసొప్పక స్లైడు చేసి చూశాను తల్లీ. ఇవి డెంగీలో కనబడే కణాలు కావు. తెల్లారేదాకా ఆగకండి, విశాఖ వెళ్ళిపోండి" అన్నారు. మేము బస్టాండు చేరేసరికి అక్కడే ఉన్నారు. చేతిలో అగరబత్తి పెట్టె, అందులో దూది మధ్య రెండు స్లైడ్లు. "డాక్టరుకు ముందు ఇవి చూపించండి" అన్నారు. బ్రష్షుతో పళ్ళు తోమనివ్వవద్దని, నొప్పులకు ఏ మాత్రా వేయవద్దని రెండుసార్లు చెప్పారు. డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి మూసేశారు. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డారు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

అది అక్యూట్ ప్రొమైలోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్. ఇందులో రక్తం సరిగా గడ్డకట్టదు, మొదటి రోజుల్లోనే మెదడులో రక్తస్రావమై ప్రాణం పోవచ్చు. సమయానికి మందు పడితే మాత్రం ఎక్కువ మంది కోలుకుంటారు. విశాఖ డాక్టరుగారు ఆ స్లైడ్లు చూసి, మజ్జ రిపోర్టు కోసం ఆగకుండా ఆ రాత్రే ఈ జబ్బుకు వాడే ఆట్రా అనే మాత్రలు మొదలుపెట్టారు. నడుము వెనుక ఎముక నుంచి మజ్జ తీసింది మరునాడు. ఆరోగ్య పథకం కార్డు మీద చికిత్సకు అనుమతి కావాలంటే మాత్రం ఆ రిపోర్టు రావాలన్నారు. జబ్బు ఆగదు కదా, కాగితం కోసం మేమెందుకు ఆగాలి? అది వచ్చేదాకా అన్ని రోజులూ చేతి డబ్బుతోనే నడిపాం.

అమ్మ, బావ పక్కనే ఉన్నారు, వాళ్ళకు కృతజ్ఞతలు వేరే చెప్పాలా.

ఇవాళ టెక్నీషియన్‌గారికి ఫోను చేశాను. కాసేపు మాట రాలేదు ఆయనకు. తరువాత, "స్లైడ్లు ఉన్నాయా తల్లీ? ల్యాబులో పని నేర్చుకునే పిల్లలకు చూపించాలి" అన్నారు. డాక్టరుగారిని అడిగి తీసుకున్నాను బాబాయ్. ఆదివారం నేనే తెస్తాను, అదే పెట్టెలో.

మరిచాను, ప్లేట్‌లెట్లు ఇచ్చిన నలుగురు డిగ్రీ విద్యార్థులకు, గంటకు పైగా సూదితో కదలకుండా కూర్చున్నందుకు నమస్కారాలు. రాత్రి షిఫ్టు నర్సమ్మకు కూడా. ముందు సీటు ఖాళీ చేయించి తమ్ముణ్ణి పడుకోబెట్టిన కండక్టరుగారి పేరు అడగలేదు. ఆ రాత్రి రాజాం నుంచి విశాఖ వెళ్ళిన ఆఖరి బస్సు ఆయనది. ఎరిగినవారుంటే చెప్పండి.