శీనుకి, హెరాల్డ్ కబుర్లతో

నెల్లూరు

ఒరేయ్ శీనూ,

నేను బాగుచేసుకుంటున్న మా మామయ్య పాత హెరాల్డ్ కారు గురించి మొన్న ఫోన్లో నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెబుదామనుకున్నా. ఇంతలో నీకేదో మీటింగ్ వచ్చిపడింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఏమన్నావూ? "ఆ పాత ఇంజనుతో తంటాలెందుకురా, మారుతి ఎనిమిదొందల ఇంజను పెట్టించి, ఏసీ బిగించుకుని హాయిగా తిరుగు" అన్నావు. ఇంకెవరన్నా అంటే సర్లే అనుకునేవాణ్ణి. ఇంగ్లాండులో, అదీ కావెంట్రీలో ఉంటూ ఈ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా? ఈ బండి అసలు పుట్టిల్లు మీ ఊరే. క్యాన్లీ అని మీ ఊళ్ళో ఒక పేట ఉంది కదా, 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ అక్కడి ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. 1980లో అక్కడ కార్లు చెయ్యడం ఆపేశారులే. 1961 నుంచి ఇక్కడ మద్రాసులో, వండలూరు వైపు, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు దాన్నే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. మా పెద్ద మామయ్య 1966లో కొన్నది అలాంటిదే. రెండు తలుపులది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఆ తర్వాత వచ్చింది. అది మన దేశంలో తప్ప ఇంకెక్కడా చెయ్యలేదు, మీ ఇంగ్లాండులో కూడా.

ఆ రోజుల్లో కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్, లేకపోతే ఇది. అందులోనూ హెరాల్డ్ తిప్పేవాళ్ళు కాస్త షోకిల్లా రాయుళ్ళు. మా మామయ్య ఏ కోవకి చెందినవాడో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయన పోయాక బండి ఊళ్ళో పశువుల కొట్టంలోనే ఉండిపోయింది. దాని మీద వరిగడ్డి, లోపల ఎలుకలు. సీట్ల స్పాంజి అంతా అవే తినేశాయి. ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చినప్పుడు మీ చెల్లెలు గేటు దగ్గర నిలబడి "దీన్ని ఇంట్లోకి తెస్తే నేను మా పుట్టింటికి వెళ్తా" అంది. పోలేదులే. కానీ కిరసనాయిలులో నట్లు నానబెట్టుకోవడానికి వంటింటి స్టీలు బేసిన్లు తెచ్చుకున్నందుకు ఈ రోజుకీ సాధిస్తూనే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. మెకానిక్ కాని నాలాంటివాడు ఇంటి ముందు రేకుల షెడ్డులో పెట్టుకుని విప్పి, మళ్ళీ బిగించుకోగలిగిన కారు ఏదన్నా ఉందంటే అది హెరాల్డే. దానికో కథ ఉంది. అప్పటికి ఇంగ్లాండులో కార్ల బాడీలు అడుగు రేకుతో సహా ఒకే డబ్బాగా చెయ్యడం మొదలైంది. ట్రయంఫ్ వాళ్ళకి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని, వాళ్ళకి పోటీదారైన బీఎంసీ అనే కార్ల కంపెనీ కొనేసింది. అంత పెద్ద బాడీ మొత్తంగా చేసిచ్చే దిక్కు లేకపోయింది. దాంతో వీళ్ళు పాతకాలం పద్ధతిలో విడి ఛాసిస్ (బండిని మోసే అడుగు చట్రం) పెట్టి, బాడీని ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, అన్నీ తెచ్చి బోల్టులతో బిగించేశారు. కారు రూపం గీసింది ఇటలీలో టూరిన్ నగరానికి చెందిన మికెలోటి అనే డిజైనర్. గతిలేక చేసిన ఆ పని ఇన్నేళ్ళకి నా పాలిట వరమైంది. టాపు విడిగా ఊడొస్తుంది. వెనక భాగం విడిగా వస్తుంది. తుప్పు పట్టిన ముక్క వరకూ విప్పుకుని, మన ఇష్టం వచ్చినట్టు తిప్పి పెట్టుకుని వెల్డింగ్ చేసుకోవచ్చు. ఫియట్ అయితే ఇది కుదరదు. దాని అడుగు తుప్పు పట్టిందంటే బండి నడుం విరిగినట్టే.

బానెట్ సంగతి చెప్పాలి. అది మామూలు బానెట్టు కాదురా. రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ దానికే ఉంటాయి. వెనకనుంచి ఎత్తితే మొత్తం మొసలి నోరు తెరిచినట్టు ముందుకి లేస్తుంది. ఇంజను, స్టీరింగు, ముందు సస్పెన్షను అంతా కళ్ళెదుటే ఉంటుంది. నేను ముందు టైరు మీద కూర్చుని, కాఫీ గ్లాసు ఛాసిస్ మీద పెట్టుకుని టప్పెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేసుకుంటున్నా. ఫీలర్ గేజి అనే పల్చటి కొలత రేకుతో పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) గ్యాపు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. నడుం వంచే పని లేదు. ఈ వయసులో ఇంతకంటే ఏం కావాలి చెప్పు.

ఇంజను పట్టేసింది కదా అని అందరూ భయపెట్టారు. ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లలోనూ డీజిలు, గేర్‌బాక్స్ ఆయిలు కలిపి పోసి కొన్నాళ్ళు వదిలేశా. తర్వాత వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, టాప్ గేర్లో వేసి, చక్రాన్ని చేత్తో కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఆడించా. తొందరపడి సెల్ఫ్ కొట్టి ఉంటే పిస్టన్ రింగులు విరిగేవి. కదిలింది! 948 సీసీ ఇంజను. చిన్న ఇంజనే కానీ గట్టిది. లేతు షాపువాడు కొలిచి చూసి, రీబోర్ (సిలిండర్లు లోపల చెక్కడం) అక్కర్లేదు, రింగులు మారిస్తే చాలన్నాడు. ఈ ఇంజనుకి జబ్బు వేరే చోట ఉంటుంది. క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక మెయిన్ బేరింగు దగ్గర, అది ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లుంటాయి. అవి అరిగితే ఊడి కింద ఆయిలు ఉండే సంపులో పడతాయి, ఆ తర్వాత క్రాంకు బ్లాకునే తినేస్తుంది. ఎవర్నన్నా క్లచ్ తొక్కమని ముందు పుల్లీ వైపు చూడాలి. అది కంటికి తెలిసేటంత కదిలితే ముందు ఆ పని చూసుకోవాలి. మా చిన్నోడు తొక్కాడు, నేను చూశా. మాది బాగానే ఉంది.

నువ్వు మారుతి ఇంజనన్నావ్ చూడు, అందులో ఇంకో చిక్కుంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఇరవై వేలు ఫీజు కడితే వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, పదేళ్ళు చెల్లుతుంది. ఇంజను మార్చానో, ఆ గుర్తింపు ఆశ వదులుకోవాల్సిందే. అయితే నేను ఆ వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా తీసుకోదలచుకోలేదు. ఎందుకంటే అలా రిజిస్టరైన బండిని ర్యాలీలకి, ఎగ్జిబిషన్లకి, రిపేరుకి, పెట్రోలుకి తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. కూరగాయలకి వెళ్ళని కారు నాకెందుకు? మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటా. ఒరిజినల్ ఇంజను ఉంచడం ఆ గుర్తింపు కోసం కాదు, అది బాగున్నది కాబట్టి. బాగున్నదాన్ని పీకి పారేసి వేరేది పెట్టడం నాకు అర్థంకాని పని. పైగా ఆ ఇంజను పట్టడానికి మౌంటింగులు కొయ్యాలి, గేర్‌బాక్స్ మార్చాలి, ఛాసిస్ మీద కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చెయ్యాలి. తర్వాత ఎవడన్నా వెనక్కి మార్చుకోవాలనుకున్నా దారి ఉండదు.

ఛాసిస్ దగ్గర ఎక్కువ టైం పట్టింది. మధ్యలో రెండు గట్టి పట్టీలు బాగానే ఉన్నాయి కానీ, వాటినుంచి పక్కలకి బాడీని మోసే చేతులు చెదలు తిన్నట్టయ్యాయి. సుత్తితో తడితే బూడిద రాలినట్టు రాలింది. వెల్డింగ్‌కి మన పాత బస్టాండు వైపునుంచి ఒక మేస్త్రిని ఇంటికే పిలిపించా. ఆయన రాగానే తలుపులు పీకేద్దాం సార్, పని సుళువవుతుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. తలుపులు బిగించి ఉండగానే, బండి తన చక్రాల మీద నిలబడి ఉండగానే ఒక్కో చెయ్యీ మార్చాలి. లేకపోతే అంతా అయ్యాక తలుపు ఒకవైపు రాసుకుంటుంది, ఇంకోవైపు వేలు దూరేంత సందుంటుంది. ఇంకో సంగతి. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ప్రతి బోల్టు దగ్గరా ప్యాకింగు బిళ్ళలుంటాయి. ఒకచోట ఒకటి, ఒకచోట మూడు, ఒకచోట అసలుండవు. ఫ్యాక్టరీలో ఈ బండికి తగ్గట్టు సర్దినవి అవి. ఏ చోటువి ఆ చోటుకి పురికొస దారంతో గుచ్చి, అట్టముక్క మీద "ఎడమ వెనక, రెండోది" అని రాసి కట్టా. మేస్త్రి మొదట నవ్వాడు. బాడీ తిరిగి కూర్చోబెట్టాక తలుపు ఒక్క వేలితో తోస్తే టక్కున పడింది. అప్పుడు నవ్వలేదు, తనే నాలుగైదుసార్లు తీసి వేసి చూసుకున్నాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇది నువ్వు శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే నీకు దీంతో పని పడబోతోంది. ముందు చక్రాన్ని పట్టి ఉండే నిలువు కడ్డీ కింది చివర మరలు ఉంటాయి. అది ఒక కంచు దిమ్మలోకి మరలతో దిగుతుంది. దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఆ మరల్లోనే తిరుగుతుంది, బండి బరువంతా అక్కడే. దీనికి గ్రీజు పెట్టకూడదు, ఈపీ 90 అనే చిక్కటి గేర్ ఆయిలు ఎక్కించాలి. చూడ్డానికి గ్రీజు పెట్టే చోటులాగే ఉంటుంది కాబట్టి అందరూ గ్రీజు గన్ను పెట్టేస్తారు. మామయ్య బండి చూసిన మెకానిక్కు కూడా ఏళ్ళ తరబడి అదే చేశాడు. నేను విప్పితే లోపల గ్రీజు ఎండి పాత సబ్బుబిళ్ళ అంత గట్టిగా ఉంది. పైమరలకి తప్ప కిందవాటికి తడే తగల్లేదు. నీళ్ళు దిగి, కడ్డీ మీద మరల మొదట్లో తుప్పు గుంటలు పడ్డాయి. గోటితో రాస్తే తగులుతున్నాయి. ఇలాంటి కడ్డీ ఏ మలుపులోనో తెగితే చక్రం కిందికి మడుచుకుపోతుంది. ఎంత నున్నగా రుద్దినా దాన్ని మళ్ళీ వాడకూడదు. చెన్నైలో పాత స్పేర్లు అమ్మే పుదుపేట అంతా తిరిగా. దొరికినవన్నీ నా దానికంటే అధ్వానం.

పెయింటు గురించి ఎక్కువ చెప్పను. లప్పం మందంగా పూసి అద్దంలా మెరిపిస్తామని రెండు చోట్ల కొటేషన్లిచ్చారు. నాకు పెళ్ళికొడుకు కారు అక్కర్లేదు. డిక్కీ మూత లోపల అసలు రంగు చెక్కు చెదరకుండా ఉంది, ఆ లేత నీలం చూపించి అదే కలపమన్నా. ఒక డోరు మీద చిన్న సొట్ట ఉంది, దాన్ని వదిలెయ్యమన్నా.

వైరింగుకి ఒక టెన్షన్ ఉంది. పాత బ్రిటిష్ పద్ధతిలో బ్యాటరీ పాజిటివే బాడీకి ఎర్త్. ఇక్కడ ఏ ఎలక్ట్రీషియన్ వచ్చినా చెయ్యి ఆగదు, తిప్పి బిగించబోతాడు. బ్యాటరీ పక్కన ఎర్ర పెయింటుతో పెద్దక్షరాల్లో రాసిపెట్టా. పెట్రోలుదింకో బాధ. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపింది. పాత రబ్బరు పైపుల్ని, పంపులో డయాఫ్రమ్‌ని అది మెత్తబరిచి పాడుచేస్తుంది. బండి కదలకుండా ఉంటే గాల్లో తేమ పీల్చుకుని ట్యాంకులో తుప్పు తెస్తుంది. పైపులన్నీ ఇథనాల్‌కి తట్టుకునేవి మార్చేశా, ట్యాంకు నిండా పోసి ఉంచడం మానేశా.

ఇంజను స్టార్టయింది. అయితే ఇంకా గేటు దాటలేదు. మా వాకిట్లో వేపచెట్టు చుట్టూ ఫస్ట్ గేర్లో తిప్పుతున్నా. చక్రాలు ఎంతగా తిరుగుతాయంటే, పాతిక అడుగుల వెడల్పులో బండి పూర్తిగా వెనక్కి తిరిగిపోతుంది. ట్రంకు రోడ్డులో ఆటోవాళ్ళు కుళ్ళుకోవాలి! ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేర్లు రాసుకోకుండా కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేకపోతే గరగర. మా వాడికి ఇది ఒంటపట్టడం లేదు. వెనక చక్రాల ఇరుసులు రెండూ విడివిడిగా ఊగే రకం, మలుపులో వేగంగా పోతూ బ్రేకు కొడితే వెనక భాగం ఎగిరినట్టయి అదుపు తప్పుతుంది. అందుకని వాడికి తాళాలు ఇప్పట్లో ఇవ్వను.

గేటు దాటకపోవడానికి కారణం బ్రేకులు. ఒకే లైను, నాలుగు చక్రాలకీ డ్రమ్ములు. ఎక్కడో ఒక్క రబ్బరు వాషరు పోయిందంటే బ్రేకు మొత్తం పోయినట్టే. ఇక్కడ దొరికే రబ్బర్ల మీద నాకు నమ్మకం లేదు.

కాబట్టి, సంక్రాంతికి వస్తున్నావు కదా, నీ సూట్‌కేసులో కాస్త చోటుంచు. మీ దగ్గర ట్రయంఫ్ స్పేర్లు అమ్మే షాపులు చాలా ఉన్నాయి, ఇంటికే పంపిస్తారు. కావలసినవి ఇవి: ముందు నిలువు కడ్డీలు రెండు, కుడిదొకటి ఎడమదొకటి (మరలు ఎదురెదురు, రెండూ ఒకవైపువి తెచ్చావంటే చంపుతా), వాటికి ట్రనియన్లు బుష్‌లతో సహా. మాస్టర్ సిలిండర్ రబ్బరు కిట్టు, నాలుగు చక్రాల సిలిండర్ల కిట్లు. 948 సీసీ సెలూన్ (గట్టి టాపున్న మామూలు కారు) అని స్పష్టంగా చెప్పు, 1200 సీసీ హెరాల్డ్‌లకి ఇచ్చేవి వేరేగా ఉండొచ్చు. కడ్డీలు బరువుంటాయి, చేతి బ్యాగులో పెట్టకు, ఎయిర్‌పోర్టులో ఆపుతారు. బిల్లు వాట్సాప్‌లో పంపు, డబ్బులు వెంటనే వేస్తా. "ఫర్లేదులేరా" అనకు, నీ మొహమాటం నాకు తెలుసు.

పిల్లల్ని అడిగానని చెప్పు. అమ్మ నీకు గోంగూర పచ్చడి పెట్టి ఉంచుతానంటోంది. తిరుగు ప్రయాణంలో సూట్‌కేసులో కడ్డీల స్థానంలో అదే వస్తుంది.

నీ
రఘు