ఊహాలోకపు తీరానికి మన ఇసుక చాలదా?

సంపాదకుల వారికి,

పిల్లల పేజీల్లో, బడి పత్రికల్లో ఊహాలోకపు కథలు ఎక్కువవుతున్నాయి. సంతోషం. కానీ సముద్రతీర రాజ్యం అనగానే కొండ అంచున కోట, దాని కింద లోతైన రేవు. తడ నుంచి ఒంగోలు దాకా అలాంటి తీరం మన పిల్లలకు కనబడదు. కథతో వేసే పటాన్ని సరిచూసి అచ్చువేయమని మా విన్నపం. మాయలు ఎన్నయినా ఉండనివ్వండి, నీళ్లూ ఇసుకా మాత్రం దారి తప్పకూడదు.

పటంలో ముందు గాలి గీయించండి. నైరుతి గాలుల కాలంలో మన తీరం ఇసుక ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి కదులుతుంది. ఏటిలో నీరు తగ్గిందా, మొగకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట పడుతుంది. అందుకే రేవును అలలకు ఎదురుగా పెట్టకుండా, కండలేరు ఉప్పుటేటి మీది కృష్ణపట్నంలా లోపలికి పెట్టాలి. పులికాట్‌లో రాయదొరువు, కొండూరుపాలెం మొగలు పూడితే జాలర్ల బతుకు ఏమవుతుందో అందరూ చూస్తున్నదే. కథకు అంతకన్నా పెద్ద రాక్షసుడు అక్కర్లేదు.

పిల్లలు అసలే గీయనిది మంచినీరు. తీరంలో ఇసుక తిన్నెల కింద వాననీరు ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, దిగువకు సుమారు 40 అడుగులు మంచినీరే. ఆ పై అడుగు తోడేస్తే కింది నుంచి ఉప్పు ఎగదన్నుకొస్తుంది. కనుకనే మన రైతులు దొరువును, అంటే ఇసుక నేలలో తవ్వే నీటిగుంటను, లోతు తక్కువగా, వెడల్పుగా తవ్వి పైపైన ముంచుకుంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే దాన్ని నింపేవి. ఒడ్డున కోటలో నూరడుగుల బావి తవ్వించిన రాజుకు ఉప్పునీళ్లే దక్కుతాయి.

ఆకాశంలో ఇద్దరు చందమామల్ని పెడితే, ఆ ఇద్దరూ సూర్యుడితో ఒకే వరుసలోకి వచ్చిన రోజున సముద్రపు పోటు అన్నిటికన్నా పెద్దదవ్వాలి. ఆ రోజే ఓడ లోపలికి రావచ్చు, ఉప్పు మడులు మునగనూ వచ్చు.

రాజ్యానికి చట్టం కావాలంటే మోటుపల్లి అభయశాసనం ఉంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. 1244లో కాకతీయ రాజు గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద చెక్కించాడు.

దిక్కు, గాలి బాణం, ఏటి మొగ, మంచినీటి దొరువు. ఈ నాలుగూ ఉన్న పటాన్ని కథతో పాటు పంపమని పేజీ అడుగున ఒక్క వాక్యం వేయండి చాలు.

ఇట్లు,
తీరప్రాంత పాఠకులు,
కావలి, నెల్లూరు జిల్లా