కేకు పంచేటప్పుడు అందులో ఏముందో కూడా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు రాగానే పత్రికల వంటల పేజీల్లోకి ప్లమ్ కేకు వస్తుంది. దాదాపు ప్రతి వంటకమూ డ్రైఫ్రూట్స్‌ను రమ్‌లో నానబెట్టమనీ, నాలుగు కోడిగుడ్లు గిలక్కొట్టమనీ చెబుతుంది. ఇంట్లోవాళ్ళే తినేదైతే పేచీ లేదు. కానీ మన దగ్గర క్రిస్మస్ పళ్ళెం ఇంట్లో ఆగదు. సికింద్రాబాద్ అపార్టుమెంట్లలో ఒకే అంతస్తులో ముస్లింలు, జైనులు, గుడ్డు ముట్టని శాకాహారులు ఉంటారు. రంజాన్‌కు షీర్‌ఖుర్మా, సంక్రాంతికి అరిసెలు పంపిన ఇళ్ళకే ఈ కేకూ వెళ్తుంది. అందుకని, మీరు వేసే ప్రతి కేకు వంటకం పక్కన మద్యమూ గుడ్డూ లేని కొలతలు కూడా వేయమని మనవి.

‘కాలేటప్పుడు రమ్ ఆవిరైపోతుందిలెండి’ అని చెప్పి పంచేవాళ్ళున్నారు. అది నిజం కాదు. పిండిలో కలిసిన ఆల్కహాల్‌లో గంటసేపు కాలాక కూడా సుమారు నాలుగో వంతు మిగులుతుంది. కాల్చిన తర్వాత కేకు మీద చిలకరించేదైతే చాలామటుకు అలాగే ఉండిపోతుంది. వెనీలా ఎక్స్‌ట్రాక్ట్‌లో కూడా ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి దాని బదులు యాలకుల పొడి వేస్తే సరిపోతుంది. రమ్ ఎసెన్సు కూడా వద్దు, వాసన చూసి ఎదుటివాళ్ళు అనుమానంతో పక్కన పెట్టేస్తారు.

రమ్ లేకపోతే అది క్రిస్మస్ కేకే కాదనేవారికి ఒక మాట. మన దేశంలో తొలి క్రిస్మస్ కేకును 1883లో కేరళలోని తలశ్శేరిలో మంబళ్ళి బాపు అనే బేకరీ యజమాని చేశాడని చెబుతారు. ఆయన కూడా ఫ్రెంచి బ్రాందీ బదులు స్థానికంగా జీడిమామిడి పండ్లతో కాచిన సారా వాడాడట. ఉన్న ఊరిని బట్టి మార్చుకోవడం మొదటినుంచీ ఉన్నదే.

పండ్ల రసంలో నానబెట్టేవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు, రమ్‌లో లాగే నెల ముందు నానబెట్టడం. మద్యం పండ్లను నిల్వ ఉంచుతుంది, రసం ఉంచదు. రెండు మూడు రోజులకే పులిసి నురగ కడుతుంది. కిస్‌మిస్, ఖర్జూరం, టూటీఫ్రూటీ, చెర్రీలు కలిపి పావు కిలో తీసుకుని (ఈ టూటీఫ్రూటీ పచ్చిబొప్పాయి ముక్కలే, చెర్రీ పేరుతో అమ్మేవి చాలాసార్లు మన వాక్కాయలే), 200 మి.లీ. నారింజ రసంలో ఐదు నిమిషాలు సన్నసెగ మీద ఉడికించి, చల్లార్చి, ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. మర్నాడు వడకట్టి రసం పక్కన పెట్టుకోవాలి.

క్యారమిల్ దగ్గర చేతులు కాల్చుకునేవారు ఎక్కువ. 75 గ్రాముల చక్కెరను మందపాటి గిన్నెలో ఒట్టిదే కరిగించి, ముదురు తేనె రంగు రాగానే దించాలి. ఇంకొంచెం నల్లబడనిద్దామని చూస్తే కేకంతా చేదు. దించాక 75 మి.లీ. వేడినీళ్ళు కొంచెం కొంచెంగా, మొహం దూరంగా పెట్టి పోయాలి. చన్నీళ్ళు పోస్తే ఎగజిమ్మడమే కాదు, పాకం గడ్డకడుతుంది.

ఏడంగుళాల టిన్నుకు మైదా 200 గ్రాములు, పుల్లని గట్టి పెరుగు 180 గ్రాములు, వాసన లేని నూనె 90 మి.లీ., చక్కెర పొడి 100 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, వంటసోడా అర టీస్పూను కావాలి. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి కలిపిన పొడి ఒక టీస్పూను మించితే కషాయం రుచి వస్తుంది. పెరుగు, నూనె, చక్కెర పొడి, చల్లారిన క్యారమిల్ కలిపి, జల్లించిన పొడులు, వడకట్టిన పండ్లు వేసి, పిండి కనబడనంతవరకే కలపాలి. ఎక్కువ కలిపితే కేకు సాగుతుంది. పిండి మరీ గట్టిగా ఉంటే పక్కన పెట్టిన రసం రెండు చెంచాలు పోయొచ్చు. పండ్లు అడుక్కి దిగిపోవడానికి కారణం పిండి పలచబడటం, లేదా పండ్లు తడిగా ఉండటం. చెంచాడు మైదా అద్దడం కొంతవరకే పనికొస్తుంది. పెరుగు తగలగానే సోడా పని మొదలుపెడుతుంది కాబట్టి కలిపిన పిండిని వెంటనే ఓవెన్‌లో పెట్టాలి.

160 డిగ్రీల దగ్గర 55 నుంచి 65 నిమిషాలు పడుతుంది. ఓటీజీల్లో, అంటే ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో, పై కడ్డీ దగ్గరగా ఉండి పైభాగం మాడుతుంది, మధ్య పచ్చిగానే ఉంటుంది. నలభై నిమిషాలకు పైన రేకు కాగితం కప్పితే ఆ బాధ తప్పుతుంది. కుక్కర్‌లో చేసేవారు రబ్బరు, వెయిట్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, దానిమీద స్టాండు పెట్టి, పది నిమిషాలు వేడెక్కాక టిన్ను దించి సన్నమంట మీద ఉంచాలి. నీళ్ళు పోయకూడదు. కేకును వేడిమీద కోస్తే పొడిపొడి అవుతుంది, మర్నాడు కోయండి. రసంతో చేసినది బయట మూడు రోజులు, ఫ్రిజ్‌లో వారం ఉంటుంది కాబట్టి 22కు ముందు చేసి 25న పంచడం మంచిది కాదు.

గుడ్డు లేని గులాబీ పువ్వులకు బియ్యప్పిండి, మైదా చెరో కప్పు, చక్కెర పొడి ముప్పావు కప్పు, కొబ్బరిపాలు ఒకటిన్నర కప్పు, చిటికెడు ఉప్పు. పిండి దోసెల పిండికన్నా కాస్త జారుగా ఉండాలి. చక్కెర ఎక్కువైతే ముందే ఎర్రబడి, చల్లారాక మెత్తబడతాయి. అచ్చును నూనెలో బాగా కాగనిచ్చి పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పూర్తిగా మునిగితే పువ్వు ఊడిరాదు. కొత్త అచ్చును ముందు రోజు రాత్రే నూనెలో వేసి ఉంచాలి. ఉల్లిగారెలో చికెనో వేయించిన నూనె వాడి జైనుల ఇంటికి పంపకండి. వాళ్ళలో చాలామంది తేనె కూడా తీసుకోరు.

డబ్బా మీద చిన్న చీటీ అంటించండి: గుడ్డు ఉందా లేదా, మద్యం ఉందా లేదా, జీడిపప్పు, బాదం వంటివి వేశారా, ఏ రోజు చేశారు. పప్పుల ఎలర్జీ ఉన్న పిల్లలకు ఆ మూడో మాట చాలా ముఖ్యం. ఇక కేకునూ గులాబీ పువ్వులనూ ఒకే డబ్బాలో పెట్టకండి. కేకులోని తడికి సాయంత్రానికల్లా పువ్వులు మెత్తబడిపోతాయి.

– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్