కార్డు మీద 19, స్కూల్ సర్టిఫికెట్‌లో 16

ఎడిటర్ గారికి నమస్కారం,

ఫలానా ఊళ్ళో బాల్యవివాహం ఆపారు అని మీ పేపర్లో చూసినప్పుడల్లా సంతోషమేస్తుంది, కానీ ఎవరూ ఆపని పెళ్లిళ్ల సంగతి కూడా కాస్త రాయండి. నేను ప్రకాశం జిల్లాలో ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో గర్భిణుల్ని చూసుకునే సర్కారు నర్సుగా చేసి రిటైరయ్యాను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భిణులో అని తేలింది, దేశం మొత్తం మీద చూస్తే అది 6.8 శాతమే.

ఒక పిల్ల నాకింకా కళ్ళ ముందే ఉంది. ఏడో నెలలో మొదటిసారి వచ్చింది, కాళ్ళు ఎంత వాచాయంటే మెట్టెలు వేళ్ళలో దిగిపోయి సబ్బు రాసినా రాలేదు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా సున్నంలా ఉంది. బీపీ 150/100. వయసెంతమ్మా అంటే అత్తగారే 19 అని చెప్పింది, తల్లీబిడ్డ కార్డు మీద నేనూ అదే రాశాను. తర్వాత తెలిసింది 16 అని. 108లో పెద్దాసుపత్రికి పంపాం, నెలలు నిండకుండానే కాన్పయింది, బిడ్డ కేజీ ఎనిమిది వందలు. ఇద్దరూ బతికారు, అదే పదివేలు.

ఈ వయసులో గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు తర్వాత ఇన్ఫెక్షన్లు, బరువు తక్కువ పిల్లలు పుట్టడం ఎక్కువ. ఆ పిల్లకే ఇంకా ఎదిగే వయసు, ఒంట్లో రక్తం లేదు, అలాంటప్పుడు మూడో నెల లోపే పేరు రాయించుకుని బీపీ, యూరిన్ చూపించుకుంటూ ఐరన్ మాత్రలు వేసుకుంటే చాలావరకు ముందే పట్టుకోవచ్చు. కానీ రారు. వస్తే పోక్సో (పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసు అవుతుందని, ఆశా అమ్మాయి అడిగినా పుట్టింటికెళ్ళిందని చెప్తారు.

చట్టం ఉండాల్సిందే, నేను కాదనను. కానీ ఆ భయం పెళ్లి చేసిన పెద్దలకి ఉండాలి గానీ కడుపుతో ఉన్న పిల్లని డాక్టర్‌కి దూరం చేయకూడదు కదా. వయసు నిజం చెప్పినా వైద్యం ఆగదు అని ప్రతి పీహెచ్‌సీలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించమని కలెక్టర్లని అడుగుతున్నాను. కాన్పుకెళ్ళిన పిల్లని "ఇంత చిన్నదానివి నీకెందుకే ఇవన్నీ" అని లేబర్ రూంలో తిట్టడం కూడా ఆపాలి, అది తను చేసుకున్న పెళ్లి కాదు.

అత్తగార్లూ, ఏడాది తిరిగేసరికి మనవడు కావాలని కూర్చోకండమ్మా. గర్భం రాకుండా ఛాయా మాత్రలు, అంతర ఇంజెక్షన్ సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, ఏది సరిపోతుందో డాక్టరమ్మని అడగండి. పక్కింట్లో పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకి ముహూర్తం పెడుతున్నారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం, ప్రకాశం జిల్లా