మురుగునీటి శుద్ధి కేంద్ర నిర్వహణ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు. నియమావళి ప్రకారం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

మన ఊరి వాడకపు నీరు శుద్ధి కేంద్రం దాటి చెరువులోకి, చెరువు మొరవ పారినప్పుడు వాగు గుండా స్వర్ణముఖిలోకి చేరుతుంది. 2021 నవంబరులో ఉప్పొంగి తిరుపతి చుట్టుపక్కల ఊళ్లను భయపెట్టిన ఆ నదే వేసవిలో ఇసుకగా మిగులుతుంది. పలుచన చేసే ప్రవాహం లేనప్పుడు అందులో చేరిన మురుగు అక్కడే నిలిచి, ఇసుకలోంచి ఒడ్డు బావులవైపు దిగుతుంది. కాబట్టి కేంద్రం వేసవిలో ఎలా నడిచిందన్నదే అసలు ప్రశ్న.

గత వేసవిలో అది సరిగా నడవలేదు. కేంద్రంలో నీటిని వడకట్టే కంకర పడక పూడుకుపోయి, రాళ్ల సందుల్లోంచి పారవలసిన నీరు పైన మడుగు కట్టింది. వాసన, దోమలు అందరూ అనుభవించినవే. చెరువులు, నదుల్లోకి వదిలే నీటిలో బీఓడీ, అంటే కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి కావలసిన ప్రాణవాయువు, లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. మే నెల నమూనా ఆ హద్దు దాటింది.

అందుకే ఈశాన్య రుతుపవనాలకు ముందు, సెప్టెంబరులో, కంకర మొత్తాన్ని తీసి కడిగి తిరిగి పరిచాం. సంఘం పుట్టిన తరువాత ఇంత పెద్ద పని జరగలేదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు గంపలతో కంకర మోశారు. ట్రాక్టర్ల యజమానులు బాడుగ అడగకుండా డీజిల్ ఖర్చుతో సరిపెట్టుకున్నారు. చెరువు నీరుగంటి ఆ రోజుల్లో కాలువకు అడ్డుకట్ట వేసి నీటిని మళ్లించారు. దిగువ ఊరి ఆయకట్టు రైతులు పిలవకుండానే పారలతో వచ్చారు. కడిగిన మురికినీరు చెరువులోకి పోకుండా తిరిగి కేంద్రం తొట్టిలోకే పంపాలన్న సూచన వంటలు చేస్తున్న ఒక పెద్దమ్మది. అది మాలో ఎవరికీ తట్టలేదు. కంకరలో పెరిగే పాత జమ్ము గడ్డి దుబ్బుల్లో బతికినవాటినే విడదీసి మళ్లీ నాటాం. వీరందరికీ, భోజనాలు పెట్టిన దాతలకు, నమూనాలు పరీక్షించిన కళాశాల అధ్యాపకులకు, విద్యార్థులకు సంఘం కృతజ్ఞతలు.

ఆ తరువాత తీసిన నమూనాలు హద్దులోపలే ఉన్నాయి. నీటిలో కుళ్లే పదార్థం ఎక్కువైతే రాత్రిపూట పాచి, సూక్ష్మజీవులు కలిసి ప్రాణవాయువును వాడేసుకోవడం వల్ల తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఈ ఫిబ్రవరి, మార్చి నెలల్లో అలా కనబడలేదని చేపల పాటదారు చెప్పారు. గుర్రపు డెక్క మాత్రం పోలేదు. కేంద్రం కుళ్లును తగ్గించినంతగా, డెక్కకు ఎరువయ్యే నత్రజనిని, భాస్వరాన్ని తగ్గించలేదు. పైగా చెరువు అడుగు బురదలో ఏళ్లనాటి భాస్వరం నిల్వ ఉంది. డెక్కను ఏటా చేతులతో తీయక తప్పదు.

అసలు బెడద వేరే ఉంది. మన కేంద్రం స్నానాల, వంటింటి నీటి కోసం కట్టినది. కొన్ని ఇళ్లవారు సెప్టిక్ ట్యాంకు పైపులను వీధి కాలువలోకి కలిపారు. రాత్రివేళ సెప్టిక్ ట్యాంకర్లు వాగులో గుమ్మరించి పోతున్నాయి. సంబంధిత కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఒకసారి పరిశీలనకు వస్తామన్నారు, ఆ పరిశీలన కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.

జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డుపై ఉంది. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించిన 60 శాతం వాటా నుంచి పంచాయతీ ఇచ్చిన సొమ్ము, సభ్యుల చందాలు అందులో చూడవచ్చు. మిగులు స్వల్పం.

కేంద్రంలోకి చెత్త రాకుండా ఆపే జల్లెడను రోజూ శుభ్రం చేయడానికి వంతులు వేసుకున్నాం. మొదటి నెల ఉత్సాహంగా వచ్చినవారిలో చాలామంది తరువాత కనబడలేదు. వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చాయి. ఆ పని చివరకు ఇద్దరు పారిశుద్ధ్య కార్మికుల మీదే పడింది. వారికి అదనపు వేతనం, చేతి తొడుగులు ఇవ్వాలని, సెప్టిక్ పైపులు మూయించడానికి పంచాయతీని కోరుతూ తీర్మానం చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కొత్త వంతుల పట్టిక వేదిక పక్కన బల్లపై ఉంది. సభ్యులు పేరుతోపాటు రాగలిగిన వారాన్ని కూడా రాసి సంతకం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి