ఊట గురించి అమ్మాయికి

చిక్కడపల్లి, హైదరాబాదు.

చిరంజీవి చిన్నమ్మడికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నీ ఫోను వచ్చి ఇరవై రోజులు దాటింది. వానాకాలంలో ఇంజనీరుకు కట్ట మీద కాపలా ఎలా ఉంటుందో నాకు తెలుసు కనుక అందుకు నేనేమీ అనుకోవడం లేదు. టీవీలో చూసినప్పుడు నీ గొంతు బొంగురుపోయినట్టు అనిపించింది. రాత్రిపూట మిరియాల పాలు తాగుతున్నావా?

టీవీ మాట ఎత్తకూడదనే మొదలుపెట్టాను. కానీ కాచిగూడ మామయ్య మొన్న వచ్చి "అమ్మాయి అబద్ధమాడిందని అంటున్నారు" అన్నప్పటి నుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. "కట్టకు గండి పడిందని, ఊట వస్తోందని జరుగుతున్న ప్రచారంలో ఏమాత్రం నిజం లేదు" అని విలేకరులతో నువ్వు అన్నావు. మన భాషలో "కాదు", "లేదు" అన్న మాటలు వాక్యం చివరన వస్తాయి. టీవీవాళ్ళు ఆ చివర తీసేసి, "గండి పడిందని, ఊట వస్తోందని" అన్నంతవరకే రోజంతా తిప్పారు. వాళ్ళ ప్రశ్నలోని గండిని నీ నోట పలకకుండా "కట్ట గట్టిగా ఉంది" అని అక్కడితో ఆపి ఉంటే, కత్తిరించడానికి ఏమీ దొరికేది కాదు.

అయితే నన్ను బాధపెడుతున్నది ఆ కత్తిరింపు కాదమ్మా. ఊట ఉంది కదా? మట్టికట్ట అన్నాక కొంత ఊట సహజమని, అది తేటగా, పెరగకుండా ఉన్నంతకాలం భయం లేదని, మట్టిని కోసుకుంటూ బురదగా వస్తేనే ప్రమాదమని నీకు తెలియనిది కాదు. ఆ నాలుగు ముక్కలే చెప్పి, ఊటను ఎలా కొలుస్తున్నారో చూపించి ఉంటే, మరునాడు ఎవరో కట్ట దిగువన తీసిన వీడియో చూసి జనం "ఇంజనీరమ్మ ముందే చెప్పింది" అనుకునేవారు.

2000 ఆగస్టు వానల్లో నేను చేసిన పొరపాటు నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. మీ తమ్ముడికి ఆటలమ్మ పోసి, మీ అమ్మ ఇంట్లో ఒక్కతే ఉంది. నేను ఒక చెరువు కట్ట మీద ఉన్నాను. చెరువు నిండాక నీరు పొర్లిపోయే మత్తడి జానెడు ఎత్తున దూకుతోంది. కేబుల్ టీవీ విలేకరి వచ్చి అడిగితే, వచ్చే నీరెంత, పోయే నీరెంత అని క్యూసెక్కుల్లో ఒప్పజెప్పి, చివరికి "పరిస్థితి అదుపులో ఉంది" అన్నాను. నీటిమట్టం గంటకు బెత్తెడు చొప్పున పెరుగుతోందని నాకు తెలుసు. జనం బెదిరిపోతారని ఆ ఒక్కటి దాచాను. అర్ధరాత్రికి దిగువ బస్తీలో మోకాళ్ళ లోతు నీళ్ళు. ప్రాణాలకు ముప్పు రాలేదు. తెల్లవారి ఒక ముసలమ్మ తడిసిన బియ్యం కొంగులో తెచ్చి నాకు చూపించి, "నీ మాట విని పండుకున్నం బిడ్డా" అన్నది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లని మనకు తెలుసు. గండిపేట చెరువు గేట్లు ఎత్తినప్పుడు చాదర్‌ఘాట్‌లో మూసీ ఒడ్డున ఉండేవాళ్ళకు ఆ లెక్కతో గానీ, ఆ చెరువు 1,790 అడుగుల పూర్తి నీటిమట్టంతో గానీ పని లేదు. నీళ్ళు గడప దాకా ఎప్పుడు వస్తాయి, పిల్లలను ఎక్కడికి చేర్చాలి అన్నవే వాళ్ళకు కావాలి. మైకు ముందుకు వెళ్ళే ముందు ఆ రెండింటికీ జవాబు కాగితం మీద రాసుకో. పై అధికారులకు ఆ కాగితం చూపించు; వాళ్ళొకటి, నువ్వొకటి చెబితే జనం ఏదీ నమ్మరు. తెలియనిది అడిగితే తెలియదని చెప్పు, ఎన్ని గంటలకు చెప్పగలవో కూడా చెప్పు, కొత్త సంగతి లేకపోయినా ఆ వేళకు వెళ్ళి నిలబడు. మైకు దించాక అన్న మాట బయటికి రాదని మాత్రం ఎన్నడూ నమ్మకు.

"నా మాటలు వక్రీకరించారు" అని ప్రకటన ఇచ్చావట. నిజమే కావచ్చు, కానీ అందులోనూ ఊట ప్రస్తావన లేదు. ఇప్పటికైనా ఆలస్యం కాలేదు. రేపే విలేకరులను పిలిచి ఆ ఊట దగ్గరికే తీసుకువెళ్ళు.

అమ్మ కందిపొడి, నువ్వుల పొడి పంపుతోంది. డబ్బా మూత బిగించి పెట్టు, తడి గాలికి పాడవుతాయి. కట్ట దిగువకు గమ్‌బూట్లు లేకుండా దిగకు, గడ్డిలో పాములుంటాయి. ఊట ఈరోజు కూడా తేటగానే వస్తోందా? ఎంత రాత్రయినా సరే, ఆ ఒక్క ముక్క ఫోనులో చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న